పీజీ గది, ఇద్దరు ఒంటరివాళ్లు, 75 నిమిషాలు: బెంగళూరులో తెలుగు నాటకం వేయడానికి సలహాలు కావాలి

రెండో_బెల్లు:

అందరికీ నమస్తే. బెంగళూరులో మా చిన్న బృందం ఒక కొత్త నాటకం ఎత్తుకుంది. స్క్రిప్టు సొంతం. కదిరి నుంచి వచ్చిన కుర్రాడు పగలంతా ఫుడ్ డెలివరీ చేస్తాడు, రాత్రిళ్లు పాటలు కడతాడు. గోడకు అవతల గదిలో శ్రీకాకుళం నుంచి వచ్చిన నర్సు ఉంటుంది. ఆమె జర్మనీ వెళ్లాలని భాష నేర్చుకుంటోంది. ఏడాదిగా పక్కపక్క గదుల్లోనే ఉన్నా ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకోలేదు. కథంతా ఇంతే. వీళ్లు కాక ఇంటి ఓనరు, డెలివరీ కుర్రాడి స్నేహితుడు. మొత్తం నలుగురు నటులు, 11 సీన్లు, ఐదు చోట్లు: రెండు గదులు, మేడ, రోడ్డు, ఆసుపత్రి కారిడారు.

ఇబ్బందులు ఇవీ. ఒకటి, 75 నిమిషాలు అనుకున్నది రన్‌త్రూలో (ఆపకుండా మొత్తం ఆడి చూసినప్పుడు) 96 అయింది. రెండు, ఒంటరితనం చూపించాలని ఆరు స్వగతాలు రాసుకున్నాం. విన్నవాళ్లు మర్యాదగా తల ఊపారు కానీ మూడో దాని దగ్గర ఫోన్లు తీశారు. మూడు, సగం సీన్లు ఫోన్లో అమ్మతో మాట్లాడేవే. నాలుగు, లైటింగు అంటే నీలం లైటు వేసి కూర్చోబెట్టడం తప్ప మాకు ఏమీ తోచలేదు. బడ్జెట్టు 80,000. హాలు ఇంకా బుక్ చేయలేదు.

కథ బాగుందా లేదా అన్నది వదిలేయండి. స్టేజీ మీద నిలబెట్టడం ఎలాగో చెప్పండి చాలు.

---

వాచికం_ముఖ్యం:

స్వగతాలతో మొదలుపెడతాను, మీ అసలు రోగం అక్కడే ఉంది.

ఒంటరితనాన్ని నటించడం కుదరదు. "బాధగా కూర్చో" అంటే నటుడు తల వంచుకుని కూర్చుంటాడు. అరనిమిషంలో ప్రేక్షకుడికి అర్థమైపోతుంది, తర్వాత చూడటానికి ఏమీ ఉండదు. నటుడికి ఒక పని ఇవ్వాలి. అది ఇద్దరుంటే సులువుగా అయిపోయే పని, ఒక్కరు చేస్తే తిప్పలు పెట్టే పని అయి ఉండాలి. డబుల్ కాట్ దుప్పటి ఒక్కరే మడత పెట్టడం చూడండి. గడ్డం కింద ఒక అంచు నొక్కి పట్టాలి, చేతులు బార్లా చాపాలి, అయినా కొస నేలకు తగులుతుంది, మడత వంకర పోతుంది, మళ్లీ విప్పాలి. అలాగే డ్యూటీ దిగిన నర్సు వీపు మధ్యలో నొప్పి మందు రాసుకోవాలి. పైనుంచి చెయ్యి అందదు, కిందనుంచి అందదు, చివరికి దువ్వెన వెనక మందు పూసి దాంతో రాసుకుంటుంది. నిమిషంన్నర పని, ఒక్క డైలాగు లేదు. మీ రెండో స్వగతంలో ఉన్నదంతా ఇందులో వచ్చేస్తుంది. ఆమె ఏడవకూడదు, విసుక్కోనూ కూడదు. ఆ దువ్వెన చిట్కా ఆమెకు రోజూ అలవాటే అన్నట్టు చేయాలి. విషాదమంతా ఆ అలవాటులో ఉంది.

ఫోను సీన్లకు ఒక పద్ధతి ఉంది. అవతలి మనిషి డైలాగులు కూడా పూర్తిగా రాయండి. మొదటి వారం రెండో నటి పక్కన కూర్చుని అవి చదవాలి. తర్వాత ఆమెను తీసేసి ఖాళీలు అలాగే ఉంచండి. ఎనిమిది మాటల వాక్యానికి సుమారు నాలుగు సెకన్లు. అలా చేయకపోతే ఏమవుతుందంటే, నటుడు ప్రతిచోటా ఒకే పొడవు విరామం ఇస్తాడు, అవతల ఎవరూ లేరని జనానికి తెలిసిపోతుంది. ఇంకో దురలవాటు "ఏంటీ? నాన్నకి జ్వరమా?" అని అవతలి మాటను ప్రేక్షకులకోసం తిరిగి చెప్పడం. నాటకం మొత్తం మీద ఒక్కసారికి మించి వద్దు. పైగా నోరు ఒకటి చెప్తుంటే చెయ్యి ఇంకోటి చేయాలి. "తిన్యావా నాయనా?" అని అమ్మ అడిగిందని మనకు తెలుసు. "ఆ, తిన్యా" అంటూ వాడు ఎవరో కస్టమరు ఆర్డరు పొట్లం బ్యాగులోకి సర్దుతున్నాడు. అంతకన్నా మాట అక్కర్లేదు.

కల సంగతి. "సింగర్ అవ్వాలి" అన్నది స్టేజీ మీద ఆడదు. కలకు ఒక తేదీ, ఒక రేటు, ఒక అడ్డంకి ఉండాలి. శనివారం పదకొండింటికి స్టూడియోలో గంట స్లాటు దొరికింది, అడ్వాన్సు కట్టాడు, సరిగ్గా ఆ గంటకే ఇన్సెంటివు వచ్చే రద్దీ. ఇప్పుడు నటుడికి తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది. నర్సుకూ అంతే: జర్మన్ భాష బీ1 స్థాయి పరీక్ష తేదీ, నైట్ డ్యూటీ రోస్టరు, రెండూ ఢీకొనాలి.

యాసల గురించి ఒక హెచ్చరిక. సినిమాల పుణ్యాన శ్రీకాకుళం యాస వినగానే హాల్లో నవ్వు లేస్తుంది. "ఏటి సేస్తన్నావు" అన్న మొదటి డైలాగు సరదాగా ఉంటే ఆమె నాటకమంతా కామెడీ పాత్రే అయిపోతుంది. ఆమె మొదటి మాట గట్టి సందర్భంలో పడేలా చూడండి. మీ కదిరివాడికి మాత్రం ఒక మంచి అవకాశం ఉంది. ఓనరు కన్నడంలో "బాడిగె యావాగ కొడ్తీరా" (అద్దె ఎప్పుడిస్తారు) అంటాడు. మనవాడికి చిన్నప్పటినుంచీ అది బాడిగే, ఇట్టే అర్థమవుతుంది. శ్రీకాకుళం అమ్మాయికి అది అద్దె, ఒక్క క్షణం తెల్లముఖం వేస్తుంది. బెంగళూరు ఎవరికి ఎంత దగ్గరో ఒక్క మాటలో తేలిపోతుంది. దీన్ని వివరించే డైలాగు మాత్రం రాయొద్దు.

---

పలక_పట్టీ:

96 నిమిషాల లెక్క నేను చెప్తాను. 11 సీన్లంటే పది మార్పులు. ఒక్కో మార్పుకు చీకటి చేసి మంచం జరిపి కుర్చీ తెచ్చి 40 సెకన్లు అనుకున్నా 400 సెకన్లు, అంటే ఆరు నిమిషాల 40 సెకన్లు నాటకం ఆగిపోయి ఉంటోంది. డైలాగులు వేగంగా చెప్పించి టైము తగ్గించొద్దు, ముందు ఈ చీకట్లు తీసేయండి. స్వగతాలు నాలుగు పోతే ఇంకో పది పన్నెండు నిమిషాలు తగ్గుతాయి. మిగతాది ఫోను సీన్లలో "ఆ... ఊఁ... సరేమ్మా" లాంటి పొల్లు మాటల్లో దొరుకుతుంది.

సెట్టు. రెండు గదుల మధ్య గోడ కట్టాలని చూస్తారు, కట్టొద్దు. ప్రేక్షకులకు ఎదురుగా ఉండే గోడ పనికొస్తుంది కానీ ముందునుంచి వెనక్కి మధ్యలో ఉండే గోడ ఎటూ కాకుండా పోతుంది. మధ్య సీట్లవాళ్లకు అది ఒక గీత, పక్క సీట్లవాళ్లకు సగం నాటకాన్ని మింగేసే తెర. రెండు ఇనుప మంచాలు తలవైపులు కలిసేలా, మధ్య ఒక అడుగు ఖాళీతో వేయండి. ఆ అడుగే గోడ. మొదటి పది నిమిషాల్లో ఇద్దరిలో ఒకరు ఆ ఖాళీలోకి చెయ్యి పెట్టి గట్టి గోడను తాకినట్టు ఆగిపోతే చాలు, ఆపైన ఎవరు ఆ గీత దాటబోయినా హాలు ఉలిక్కిపడుతుంది. రిహార్సల్లో ఆ అడుగు మీద టేపు వేయండి. నటులు తెలియకుండా "గోడలోంచి" నడిచిపోవడం ఇలాంటి నాటకాల్లో నూటికి తొంభై సార్లు జరిగే తప్పు.

ఒక్కో గదికి 8 అడుగులు, 4 అడుగుల ప్లాట్‌ఫారాలు రెండేసి కలిపితే 8కి 8 గది వస్తుంది. పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద రెండడుగులకో అడ్డ కట్టె. 12 మిల్లీమీటర్లది వేస్తే ఊగుతుంది, ప్రతి అడుగుకూ డొల్ల శబ్దం వస్తుంది. పైన పాత కార్పెట్టో రబ్బరు షీటో పరవండి. ఎత్తు 8 అంగుళాలు చాలు. మేడ కోసం వేరే సెట్టు వద్దు, వెనక ఒక్క ప్లాట్‌ఫారం 3 అడుగుల ఎత్తులో పెట్టి ఎక్కడానికి మెట్లు వేయండి. రోడ్డు అంటే స్టేజీ ముందు అంచు. కారిడారు అంటే నేల మీద పొడుగ్గా పడే ఒక లైటు, అంతే.

ఇవన్నీ హాలును బట్టి మారతాయి. జేపీ నగర్‌లోని రంగశంకర హాల్లో సీట్లు మెట్లు మెట్లుగా ఎత్తులో ఉంటాయి, జనం కిందికి చూస్తారు, మీ నేలే మీ బ్యాక్‌డ్రాపు. నేల చదునుగా ఉన్న హాల్లో ఐదో వరుస దాటాక నేల మీద పడుకున్న నటుడు కనిపించడు. కుర్రాడు చాప మీద పడుకుని చెప్పే సీను ఉంటే అక్కడ మంచం మీదికి మార్చాల్సిందే. మంచం ఎత్తు 18 అంగుళాలకు తగ్గకూడదు.

డెలివరీ బ్యాగు గురించి. దాన్ని నటుడు స్టూలులా వాడుకుంటే అద్భుతంగా ఉంటుంది, కానీ అసలు బ్యాగు మనిషి బరువు ఆపదు. 12 మిల్లీమీటర్ల ప్లైతో 16 అంగుళాల పెట్టె కొట్టించండి, జిగురూ స్క్రూలూ రెండూ వేసి. దాని మీద బ్యాగు తొడుగు వేయండి. భుజానికి తగిలించుకుని నడిచే సీన్లకు ఖాళీ బ్యాగు వేరే. రెండూ ఒకే రకం దుమ్ము పట్టి ఉండాలి, లేదంటే ముందు వరుసకు తెలిసిపోతుంది.

తలుపుకు ఫ్లాటు (చట్రానికి గుడ్డో ప్లైయో కొట్టిన ఉత్తుత్తి గోడ) కట్టొద్దు, వేసినప్పుడల్లా మొత్తం సెట్టు వణుకుతుంది. ఆరున్నర అడుగుల ఉత్త చట్రం, వెనక ఏటవాలు ఊత, ఊత మీద 15 కిలోల ఇసుక మూట. గడియ శబ్దం కోసం వింగ్‌లో (స్టేజీ పక్కన జనానికి కనిపించని చోట) ఒక చెక్కకు నిజమైన గడియ బిగించి స్టేజీ మేనేజరు వేస్తే సరి. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి బయటి తాళం తనే తీసుకునే మనిషికి ఆ శబ్దమే ఇల్లు.

నిప్పు, స్టవ్వు, అగరొత్తి ఏవైనా హాలువాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా వాడొద్దు. పొగ పసిగట్టే అలారం మోగితే నాటకం అక్కడితో సరి.

---

డిమ్మర్_డబ్బా:

నీలం లైటు వద్దే వద్దు. బెంగళూరులో పీజీ గది రాత్రి చీకటిగా ఉండదు కదా. కారిడారు ట్యూబ్‌లైటు తలుపు సందులోంచి, ఎదురు షాపు బోర్డు కిటికీలోంచి, పై మేడ ఎల్‌ఈడీ ఇంకోవైపు నుంచి వస్తూనే ఉంటాయి. వాటిలో ఒక్కటీ తను వేసుకున్న లైటు కాదు. మీకు కావాల్సింది చీకటి కాదు, తనది కాని వెలుతురు. ఇది పట్టుకుంటే డిజైను దానంతట అదే వస్తుంది: ప్రతి గదికీ బయటినుంచి వచ్చే లైటు ఎప్పుడూ ఉండాలి, పాత్ర స్విచ్చు వేస్తే వచ్చే లైటు అరుదుగా ఉండాలి.

వివరాలకు వస్తే, హాల్లో ఎక్కువగా ఉండేవి 1000 వాట్ల హాలోజెన్ పార్ 64లు (డబ్బా లైట్లు), అంచు మెత్తగా పడే ఫ్రెనెల్‌లు, అంచు పదునుగా కత్తిరించగల ప్రొఫైల్ స్పాట్లు కొన్ని, ఇప్పుడు ఎల్‌ఈడీ పార్‌లు. హాలోజెన్ 3200 కెల్విన్ దగ్గర వెలుగుతుంది, కాస్త పసుపు. ట్యూబ్‌లైటు రంగు రావాలంటే లీ కంపెనీ 201 జెల్ (లైటు ముందు పెట్టే నీలి రంగు షీటు) వేయాలి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. 201 వేసి డిమ్మరును 30 శాతానికి దించితే ట్యూబ్‌లైటు రంగు పోతుంది. కరెంటు తగ్గేకొద్దీ హాలోజెన్ ఫిలమెంటు చల్లబడి ఎర్రబడుతుంది, జెల్ ఇచ్చిన నీలిదనం అంతా దానికే ఖర్చయిపోతుంది. కాబట్టి ఆ లైటును 70 శాతం పైనే ఉంచండి, వెలుగు తగ్గించాలంటే లైట్ల సంఖ్య తగ్గించండి లేదా లైటును దూరం జరపండి. పాత వీధి దీపం పసుపుకు లీ 652 అర్బన్ సోడియం ఉంది. ఇప్పుడు వీధులన్నీ తెల్ల ఎల్‌ఈడీలు అయ్యాయి కాబట్టి ఆ పసుపును ఊరి జ్ఞాపకాలకు దాచుకోండి, కదిరి బస్టాండు లాగా. నగరం తెలుపు, ఊరు పసుపు.

జెల్ లెక్క: పార్ 64 ఫ్రేముకు 10 అంగుళాల చదరం ముక్క కావాలి. 122 సెంటీమీటర్లు, 53 సెంటీమీటర్లు ఉండే ఒక షీటులోంచి ఎనిమిది వస్తాయి. 201 ఒక షీటు, 652 ఒక షీటు మీకు సరిపోతాయి.

ట్యూబ్‌లైటు భ్రమ కోసం నెత్తిమీదనుంచి లైటు కొడతాం. కొట్టగానే కళ్లు గుంటలైపోతాయి, పుర్రెలా కనిపిస్తారు. ఎదురుగా 45 డిగ్రీల కోణంలో ఉన్న లైటును 20 శాతం కలపండి, కళ్లు తిరిగి వస్తాయి. నటుడి కళ్లు కనిపించకపోతే జనానికి మాట కూడా సరిగా వినిపించదు, ఇది విచిత్రమే కానీ నిజం.

ఫోను వెలుగు సీను ఉంటుందని ఊహిస్తున్నాను, ఈ కథలో లేకుండా ఉండదు. నిజం ఫోను వెలుగు మూడో వరుస దాటదు. పైగా 30 సెకన్లకు స్క్రీను ఆరిపోతుంది, సరిగ్గా అప్పుడే ఎవరో కాల్ చేస్తారు. పాడైపోయిన ఫోను కవరు తీసుకుని దాని లోపల 5 వోల్టుల తెల్ల ఎల్‌ఈడీ స్ట్రిప్పు ముక్క అతికించి, మీద ట్రేసింగు పేపరు వేసి, వైరును చొక్కా చేతిలోంచి జేబులో ఉన్న పవర్ బ్యాంకుకు తీసుకెళ్లండి. ముఖం ఒక్కటే వెలిగి, గది మాయమవుతుంది. నటుడు ఫోను గడ్డానికి 10 అంగుళాల దూరంలో పట్టుకోవాలి. ఛాతీ దగ్గర పట్టుకుంటే ముక్కు నీడ కళ్ల మీద పడుతుంది.

చాలా ఎల్‌ఈడీలు 10 శాతం లోపల మెత్తగా తగ్గవు, టక్కున ఆరతాయి. చివరి మెల్లటి ఫేడు హాలోజెన్‌కే వదిలేయండి.

కరెంటు: 1000 వాట్ల లైటు ఒకటి 230 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్లకు కాస్త పైన లాగుతుంది. 15 ఆంపియర్ల సాకెట్టు మీద మూడుకు మించి పెట్టొద్దు. చిన్న హాల్లో అద్దె లైట్లు తెచ్చుకుంటే ముందు అడగాల్సిన ప్రశ్న త్రీ ఫేజు ఉందా, డిమ్మరు ర్యాకుకు దాన్నుంచి లైను ఇస్తారా అని. సౌండు సిస్టంను లైట్లున్న ఫేజు మీద పెడితే డిమ్మరు కదిలినప్పుడల్లా స్పీకర్లో గుయ్యిమంటుంది.

హాలు మీకు ఒక్క రోజే దొరుకుతుంది కాబట్టి 35 క్యూలకు (లైటు మారే చోట్లకు) మించి రాసుకోవద్దు. తెల్లారడం లాంటి మార్పులు 90 సెకన్లు తీసుకోనివ్వండి, ఎవరికీ తెలియకుండా జరగాలి. టక్కున చీకటి మాత్రం నాటకం మొత్తం మీద ఒక్కసారే.

---

పరిషత్తు_పాతకాపు:

పైన చెప్పినవాళ్లతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క మాట తప్ప. స్వగతాలన్నీ కొట్టేయొద్దు. మన ప్రేక్షకులు వాచికం (డైలాగు పలికే తీరు) కోసం వస్తారు. పద్యనాటకం పోయినా ఆ చెవి పోలేదు. ఒక్కటి ఉంచండి, రెండు నిమిషాలది, 55వ నిమిషానికి అటూఇటూ. అప్పటిదాకా కుర్రాడు మనసులో మాట బయటపెట్టలేదు కాబట్టి అప్పుడు దానికి విలువ. అదీ గాలికి చెప్పకూడదు. రేటింగు ఒక్క స్టారు ఇచ్చిన కస్టమరు కాల్ కట్ చేసేశాక కూడా ఆ ఫోన్లోకే మాట్లాడుతున్నట్టు ఉండాలి. వినే మనిషి ఉన్నాడనుకుని మొదలై, లేడని తెలిసీ ఆగకపోతే అది స్వగతమే, కానీ ఎవరూ అలా అనుకోరు.

మైకుల గురించి ఎవరూ ఎత్తలేదు. నాటక పరిషత్తుల పోటీల్లో అలవాటైన ముందు వరుస మైకులు పెడితే నటులందరూ పాట పాడటానికి వచ్చినట్టు ముందుకొచ్చి నిలబడతారు. రెండు గదులు, గోడ, ఆ అడుగు ఖాళీ అన్నీ గంగలో కలుస్తాయి. రెండు మూడు వందల సీట్ల మంచి హాలయితే మైకే వద్దు, గొంతు సాధన చేయించండి. తప్పనిసరైతే స్టేజీ అంచున బౌండరీ మైకులు (నేల మీద ఆనించే చదును మైకులు) మూడు, 8 అడుగులకొకటి, కింద రబ్బరు ముక్క వేసి. లాపెల్ మైకు (బట్టలకు తగిలించే చిన్న మైకు) డెలివరీ కుర్రాడి రెయిన్‌కోటుకు పెడితే నాటకమంతా చిప్స్ ప్యాకెట్టు నలిపినట్టుంటుంది.

సౌండుకు ఒకటే సూత్రం. నిశ్శబ్దం వినిపించాలంటే అంతకుముందు ఏదో మోగుతూ ఉండాలి. బోరు మోటారు, పక్కింటి కుక్కరు, దూరంగా ట్రాఫిక్కు, వీటన్నిటి అడుగున ఫ్యాను రొద. మొదటి 20 నిమిషాలు ఆ ఫ్యాను రొద వస్తూ ఉంటే జనం మరిచిపోతారు. తర్వాత కరెంటు పోవాలి. ఫ్యాను ఆగుతుంది, ఊరు ఆగుతుంది, అప్పుడు గోడకు అవతల జర్మన్ పాఠం వల్లెవేస్తున్న గొంతు మొదటిసారి ఇటువైపు వినిపించాలి. మీ నాటకానికి మలుపు కావాలంటే అది అక్కడుంది.

సౌండు నడిపే ల్యాప్‌టాపు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి, బ్లూటూత్ కాదు వైరే వాడాలి. ఫైళ్లకు 01, 02 అని వరుస నంబర్లు. అవే ఫైళ్లు ఇంకో ఫోన్లో.

కుర్రాడు హిట్టు సినిమా పాట పాడతాడా? టికెట్టు పెడుతున్నారు కాబట్టి ఊరికే వాడేసుకోవడం కుదరదు. 1957 కాపీరైటు చట్టంలో సెక్షన్ 52 కింద అమెచ్యూరు సంఘాలకు మినహాయింపు ఉంది కానీ డబ్బు తీసుకోని ప్రేక్షకుల ముందు వేసినప్పుడే, లేదా ఏదైనా మతసంస్థ సహాయార్థం వేసినప్పుడు. వాడు పాటలు కట్టేవాడే కదా, సొంత పాట రాయించండి. అన్నమయ్య పదం పాడుకోవచ్చు, ఆ సాహిత్యం మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. ఎవరో పాడిన రికార్డింగు వేస్తే మాత్రం ఆ రికార్డింగు హక్కు వేరే.

---

రెండో_బెల్లు:

దువ్వెన, ఫోను కవరు, కరెంటు పోవడం, ఈ మూడూ నిన్న స్క్రిప్టులోకి వచ్చేశాయి. చదువుతుంటేనే 81 నిమిషాలకు దిగింది. ఇంకో మూడు అడుగుతాను. హాలు ఏది నయం? నలుగురిలో ముగ్గురికి షిఫ్టులు, రిహార్సళ్లు ఎలా కుదర్చాలి? కన్నడ మిత్రులు కూడా వస్తారు, తెర మీద అనువాదం వేయాలా? అన్నట్టు ఫ్యాను నిజంగా పైన వేలాడదీయాలా, లేక సౌండు చాలా?

---

గ్రీన్‌రూము_తాళం:

హాలు ముందు, మిగతావన్నీ తర్వాత. రవీంద్ర కళాక్షేత్ర మీకు పెద్దది. అంత పెద్ద హాల్లో వీపుకు మందు రాసుకునే సీను ఎవరికి కనిపిస్తుంది? జేపీ నగర్ రంగశంకర ఇలాంటి నాటకానికి సరైన కొలత, సుమారు 300 సీట్లు. అక్కడ ఆట చెప్పిన నిమిషానికి మొదలవుతుంది, ఆలస్యంగా వస్తే లోపలికి వదలరు. మన తెలుగు ప్రేక్షకులు సభ అంటే అరగంట అటూఇటూ అనుకుంటారు. కాబట్టి పోస్టరు మీద నాటకం పేరంత పెద్దగా టైము వేయండి, వాట్సాప్ గ్రూపుల్లో ఆ రోజు పొద్దున మళ్లీ గుర్తు చేయండి. వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్లు ఎక్కువ కాబట్టి అటు జాగృతి కూడా చూడొచ్చు, దాదాపు 200 సీట్లు, ఈ నాటకానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి హాలుకు తెలుగువాళ్లు అలవాటుగా వస్తారు, రెండో ప్రదర్శన అక్కడ పెట్టుకోండి. ఏ హాలైనా అద్దెలో ఏయే లైట్లు, ఎన్ని గంటలు, ముందురోజు సెట్టు దించుకోవచ్చా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. మీ 80,000లో సగం హాలుకు, లైట్లకు, రవాణాకు కట్టేసి, మిగతా సగంతోనే నాటకం అనుకుని లెక్క వేసుకోండి. టికెట్టు మనిషికి 500 దాటనంతవరకు నాటకం ప్రవేశానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. 250 పెట్టి 180 మంది వస్తే 45,000.

రిహార్సళ్లకు పాత లెక్క నిమిషానికి గంట. 75 నిమిషాలకు 75 గంటలు. వారంలో మూడు సాయంత్రాలు రెండున్నర గంటల చొప్పున, ఆదివారం ఐదు గంటలు వేసుకుంటే వారానికి పన్నెండున్నర, ఆరు వారాలు. నలుగురూ ప్రతిరోజూ అక్కర్లేదు. పేజీల వారీగా ఎవరు స్టేజీ మీద ఉన్నారో ఒక పట్టిక గీయండి. మీ కథలో సగానికి పైగా ఒక్కరే ఉండే సీన్లే, కాబట్టి ఒక సాయంత్రం పూర్తిగా నర్సుకు, ఇంకోటి కుర్రాడికి ఇచ్చేయొచ్చు. మూడో వారం చివరికి స్క్రిప్టు చేతిలో ఉండకూడదు. ఒంటరి సీన్లలో ఒక ప్రమాదం ఉంది: ఎదురు డైలాగు ఉండదు కాబట్టి మరిచిపోతే అందించేవాడు ఉండడు. ప్రతి పలుకునూ ఒక పనికి కట్టేయండి. దుప్పటి రెండో మడత దగ్గర ఈ మాట, మూడో మడత దగ్గర ఆ మాట. చెయ్యి మరిచిపోదు.

ఆఖరి వారంలో ఒక పూట డైలాగులు లేకుండా క్యూ నుంచి క్యూకి దూకుతూ పోవాలి. స్టేజీ మేనేజరు "35 స్టాండ్ బై... 35 గో" అనాలి, "ఇప్పుడు వెయ్యండి" అనకూడదు.

తెర మీద అనువాదం వద్దు. ప్రొజెక్టరు వెలుగు ఒక్కటి చాలు, ఫోను సీను మొత్తం కడిగేస్తుంది. కథా సారాంశం కన్నడంలో ఒక పేజీ అచ్చేసి గుమ్మం దగ్గర ఇవ్వండి.

ఫ్యాను విషయానికి వస్తే, పైన వేలాడదీయొద్దు. హాలు బారుకు (స్టేజీ పైన లైట్లు తగిలించే పైపుకు) ఏది కట్టాలన్నా అనుమతి, సేఫ్టీ చైను, వాళ్ల మనిషి కావాలి. పైగా ముందు వరుసలకు తప్ప కనిపించదు. కుర్రాడి గదిలో పాత టేబుల్ ఫ్యాను పెట్టండి, జాలీకి ఒక గులాబీ రంగు రిబ్బను ముక్క కట్టండి, అడుగున్నర పొడవు. స్పీడు ఒకటిలోనే తిరగాలి, మూడులో పెడితే గాలి చప్పుడు మైకు లేని హాల్లో డైలాగును తినేస్తుంది. మిగతా రొద స్పీకర్లోంచి వస్తుంది. దాని ప్లగ్గు వింగ్‌లో స్టేజీ మేనేజరు దగ్గరుండే స్విచ్చుకు వెళ్లాలి. కరెంటు పోయే క్యూలో మూడు పనులు ఒక్క "గో" మాటతో జరగాలి: లైటు, స్పీకర్లో రొద, ఈ స్విచ్చు. రెక్కలు ఆగడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఏ ఫ్యానుకు ఎంతో రిహార్సల్లోనే వాచీ పెట్టి కొలవండి, ఆ తర్వాత ఫ్యాను మార్చొద్దు. రిబ్బను మెల్లగా వాలుతుంది. అది పూర్తిగా జాలీకి అంటుకున్నాకే అవతల జర్మన్ పాఠం మొదలవ్వాలి. నర్సు ఉన్న చోటునుంచి రిబ్బను కనిపించదు, కాబట్టి ఆమెకు వింగ్‌లోంచి చిన్న టార్చితో సైగ చేయండి.

---

డిమ్మర్_డబ్బా:

ఆ రిబ్బను మీద ఒక ప్రొఫైల్ స్పాటు వెలుగును సన్నగా కత్తిరించి 15 శాతంలో ముందునుంచే వేసి ఉంచండి. కరెంటు పోయిన క్యూలో దాన్ని ఆర్పొద్దు. కిటికీలోంచి వచ్చే వెలుతురు అనుకుంటారు.

---

రెండో_బెల్లు:

టేబుల్ ఫ్యాను ఓకే. రంగశంకరకు తేదీల కోసం దరఖాస్తు రేపు పెడుతున్నాం. ఆ స్పాటు హాలోజెనా, ఎల్‌ఈడీనా?

---

డిమ్మర్_డబ్బా:

హాలోజెన్, జెల్ లేకుండా. 15 శాతంలో దానంతట అదే ఎర్రబడి ఊరి పసుపుకు దగ్గరవుతుంది.